డాబా మీద యాంటెన్నా: ఊగిసలాడే ఇంటర్నెట్‌ను కుదుటపరచడం ఎలా

"మావయ్యా, పడిపోయింది!" అని కింద నుంచి మా మేనల్లుడు అరిచాడు. నేను డాబా మీద పిట్టగోడకు కట్టిన పైపు పట్టుకుని నిలబడి ఉన్నాను. "ఏం పడిపోయిందిరా?" అంటే, "సిగ్నల్ మావయ్యా, పద్నాలుగు ఉండేది, మూడుకొచ్చేసింది" అన్నాడు. వీధి అరుగు మీద కూర్చున్న మా అమ్మ మాత్రం పడిపోయింది నేనే అనుకుని పరుగెత్తుకొచ్చింది.

కోనసీమలో మాది కొబ్బరితోట మధ్య ఇల్లు. ఫైబర్ లైను ఊళ్లో రామాలయం వీధి దాకా వచ్చి ఆగిపోయింది. మాకు దిక్కు 4జీ సిమ్ వేసే రూటరే. పొద్దున బాగానే ఉంటుంది, మధ్యాహ్నం తడబడుతుంది, సాయంత్రం ఆఫీసు మీటింగ్ మొదలయ్యేసరికి ముఖాలు బిగుసుకుపోతాయి. ఈ టెన్షన్ పడలేక ముందూ వెనకా చూడకుండా ఓ యాంటెన్నా కొన్నాను, అది పని చేయలేదు. తర్వాత కొలవడం నేర్చుకున్నాను, అప్పుడు పని అయింది. ఈ గైడ్ అంతా ఆ రెండో పద్ధతి గురించే. తోటలో ఇల్లున్నా, చేపల చెరువు గట్టు మీద కెమెరాలు పెట్టుకున్నా, కొండ పక్క ఊరైనా వరస ఇదే.

ముందు, తప్పు బయటిదేనా అని తేల్చుకోండి

నాకు తెలిసి "సిగ్నల్ పోతోంది" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి యాంటెన్నాతో సంబంధం ఉండదు. రూటర్‌కు నాలుగడుగుల దూరంలో కూర్చుని ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో రెండు పింగ్‌లు (జవాబు ఎంత త్వరగా తిరిగొస్తుందో చూసే చిన్న పరీక్ష) పెట్టండి. ఒకటి రూటర్ చిరునామాకి (సాధారణంగా 192.168.1.1, కొన్నింటికి 192.168.8.1), రెండోది బయట గూగుల్ సర్వర్ 8.8.8.8కి. రూటర్‌కి వెళ్లే పింగే తడబడుతుంటే గొడవ ఇంట్లో వైఫైది. అలాంటప్పుడు డాబా ఎక్కినా లాభం లేదు. మొదటిది నిలకడగా ఉండి రెండోది ఊగుతుంటేనే ముందుకు సాగండి.

తర్వాత కరెంటు. పల్లెల్లో సాయంత్రం వోల్టేజీ పడిపోయినప్పుడు, లేదా ఇన్వర్టర్‌కి మారే క్షణంలో రూటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. మనకి అది సిగ్నల్ పోయినట్టే కనిపిస్తుంది. రూటర్ అడ్మిన్ పేజీలో (బ్రౌజర్‌లో రూటర్ చిరునామా కొడితే వచ్చేది) 'అప్‌టైమ్', అంటే ఆగకుండా ఎంతసేపటి నుంచి నడుస్తోందో చూడండి. రాత్రి నుంచి నడుస్తున్న రూటర్ అప్‌టైమ్ పది నిమిషాలే చూపిస్తే తప్పు అడాప్టర్‌దో కరెంటుదో. 12 వోల్టుల మినీ యూపీఎస్ ఒకటి పెడితే సగం బాధ అక్కడే తీరుతుంది.

మూడోది డేటా కోటా. రోజువారీ కోటా అయిపోయాక చాలా ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. రోజూ దాదాపు అదే వేళకి నెట్ చచ్చిపోతుంటే మొదట ఇది చూడండి. అడగడానికి సిగ్గుగానే ఉంటుంది, కానీ నేను ఒకసారి దీనికోసం పైపు కూడా తిప్పాను.

గీతలు కాదు, అంకెలు

ఫోన్ మీద కనిపించే గీతల్ని నమ్మకండి. ఎంత సిగ్నల్‌కి ఎన్ని గీతలన్నది తయారీదారు ఇష్టం. మనకి కావలసినవి మూడు అంకెలు. రూటర్ అడ్మిన్ పేజీలో 'డివైస్ ఇన్ఫో' లేదా 'ఎల్‌టీఈ స్టేటస్' అన్నచోట ఉంటాయి. ఆండ్రాయిడ్ ఫోన్లో అయితే నెట్‌మాన్‌స్టర్, సెల్‌మ్యాపర్ లాంటి యాప్‌లు చూపిస్తాయి.

ఆర్ఎస్ఆర్‌పీ అంటే టవర్ గొంతు మన దాకా ఎంత గట్టిగా వస్తోందన్నది. ఇది మైనస్‌లో ఉంటుంది. దాన్ని అప్పులా చూడండి, ఎంత తక్కువైతే అంత మేలు. మైనస్ 85 దాకా హాయి. మైనస్ 100 దగ్గర పని జరుగుతుంది. మైనస్ 110 దాటితే తడబాటు, మైనస్ 120 దగ్గర తెగిపోవడమే.

ఎస్ఐఎన్ఆర్ అంటే ఆ గొంతు చుట్టూ ఉన్న గోల కంటే ఎంత పైన ఉందన్నది. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో పక్కవాడు చెవిలో అరిచినా మాట అర్థం కాదు. గొంతుకి లోటు లేదు, గోలే ఎక్కువ. 20 దాటితే బ్రహ్మాండం, 10 నుంచి 20 మధ్య బాగున్నట్టు, 5 కంటే తగ్గితే వీడియో కాల్ కష్టం, సున్నా కిందకి పోతే చెప్పేదేముంది. నెట్ ఊగడానికీ దీనికీ ఉన్న సంబంధం ఆర్ఎస్ఆర్‌పీకి ఉన్నదానికంటే దగ్గరిది. అయినా అందరూ మొదటి అంకెనే పట్టుకుని వేలాడతారు, యాంటెన్నాలు అమ్మేవాళ్లతో సహా.

మూడోది ఆర్ఎస్ఆర్‌క్యూ, అంటే వచ్చిన సిగ్నల్ నాణ్యత. మైనస్ 10 దగ్గర బాగున్నట్టు, మైనస్ 15 కిందకి జారితే టవర్ మీద రద్దీయో పక్క టవర్ల గోలో ఉన్నట్టు.

వీటితో పాటు ఇంకో రెండు రాసుకోండి: పీసీఐ, బ్యాండ్. పీసీఐ అనేది 0 నుంచి 503 దాకా ఉండే ఒక సంఖ్య. ఏ టవర్‌లోని ఏ ముఖంతో (ఏ దిక్కుకి చూసే యాంటెన్నాతో) మాట్లాడుతున్నామో చెప్పే గుర్తు. బ్యాండ్ అంటే ఏ ఫ్రీక్వెన్సీ అన్నది. ఉదాహరణకి జియో 4జీ మూడు బ్యాండ్లలో ఉంటుంది: బ్యాండ్ 5 అంటే 850 మెగాహెర్ట్జ్, బ్యాండ్ 3 అంటే 1800, బ్యాండ్ 40 అంటే 2300. కింది ఫ్రీక్వెన్సీ దూరం పోతుంది, చెట్లను కాస్త సహిస్తుంది, కానీ అందులో దారి ఇరుకు. పైది వేగం ఇస్తుంది, ఆకు అడ్డొస్తే అలుగుతుంది.

రెండు రోజులు, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి తొమ్మిదికి ఈ ఐదూ ఒక నోట్‌బుక్‌లో రాయండి. విసుగనిపిస్తుంది, కానీ జబ్బు పేరు ఆ పేజీలోనే దొరుకుతుంది.

ఆర్ఎస్ఆర్‌పీ రోజంతా కదలకుండా ఉండి, రాత్రి మాత్రం ఆర్ఎస్ఆర్‌క్యూ, వేగం పడిపోతుంటే అది టవర్ మీద జనం రద్దీ. యాంటెన్నా ఆ టవర్ని ఖాళీ చేయలేదు. వేరే టవర్నో వేరే బ్యాండ్‌నో పట్టుకోవడానికి మాత్రం పనికొస్తుంది. పీసీఐ గంటకోసారి మారిపోతుంటే మీ రూటర్ రెండు టవర్ల మధ్య ఊగుతోందన్నమాట. అటూ ఇటూ దూకిన ప్రతిసారీ కాల్ బిగుసుకుంటుంది. మా ఇంటి జబ్బు ఇదే. యాంటెన్నాతో బాగా నయమయ్యేదీ ఇదే. ఇక అన్నివేళలా ఆర్ఎస్ఆర్‌పీ మైనస్ 110 కింద, ఎస్ఐఎన్ఆర్ 5 లోపు ఉంటే అసలైన బలహీనత. దానికీ యాంటెన్నాయే మందు.

వాన పడితే నెట్ పోతుందంటారు చాలామంది. 4జీ ఫ్రీక్వెన్సీలకు వాన చినుకు పెద్ద అడ్డు కాదు. వానలో నెట్ పోయిందంటే తడిసిన చెట్ల ఆకులో, కనెక్టర్‌లో చేరిన నీరో, టవర్ దగ్గర కరెంటు పోవడమో కారణం. వాన వెలిసి రెండు గంటల్లో బాగుపడితే ఆకులు. రెండు రోజులు పడితే కనెక్టర్.

టవర్ ఎక్కడుంది, దారిలో ఏముంది

సెల్‌మ్యాపర్‌లోనో, టెలికాం శాఖ 2017లో తెచ్చిన తరంగ్ సంచార్ పోర్టల్‌లోనో మీ చుట్టూ ఉన్న టవర్లు కనిపిస్తాయి. దగ్గరిదే మనదని అనుకోకండి. దగ్గరి టవర్ ముఖం అవతలి ఊరి వైపు ఉండొచ్చు.

ఇప్పుడు రూటర్‌లోని సిమ్‌ను ఫోన్లో వేసి, యాప్ తెరిచి, ఇంటి చుట్టూ నడవండి. నేల మీద నాలుగు మూలలు, డాబా మీద నాలుగు మూలలు, నీళ్ల ట్యాంకు పక్కన. ఒక్కోచోట ఒక నిమిషం ఆగి అంకెలు రాయండి. ట్యాంకు నిండా నీళ్లుంటే దాని వెనక సిగ్నల్ చచ్చిపోతుంది. ఇనుప రేకుల షెడ్డు వెనక కూడా అంతే.

ఇక్కడే నాకు పెద్ద ఆశ్చర్యం ఎదురైంది. ఎత్తు పెరిగేకొద్దీ సిగ్నల్ పెరుగుతుందని అందరూ చెప్పేదే, మామూలుగా నిజమే. కొబ్బరితోటలో మాత్రం అది తలకిందులు కావచ్చు. ఎదిగిన కొబ్బరిచెట్టు తల పదిహేను, ఇరవై మీటర్ల ఎత్తున ఉంటుంది. డాబా మీద పది అడుగుల పైపు వేసినా తలని దాటలేం, సరిగ్గా చిన్న చెట్ల మట్టల గుబురు ఎదురుగా పెట్టిన వాళ్లమవుతాం. కింద మొదళ్ల మధ్య ఖాళీ ఉంటుంది. మా ఇంట్లో డాబా పైపు కొసన కంటే, పిట్టగోడ కంటే కిందగా, గోడకు బిగించిన చోట ఎస్ఐఎన్ఆర్ ఐదు ఎక్కువ వచ్చింది. అంతరపంటగా అరటీ కోకో ఉన్న తోటలో ఆ ఖాళీ కూడా ఉండదు, అక్కడ లెక్క వేరు. అందుకే ముందు ఫోన్‌తో నడవమనేది.

కంటికి టవర్ కనిపించినంత మాత్రాన దారి ఖాళీగా ఉన్నట్టు కాదు. తరంగం దారంలా పోదు, మధ్యలో లావెక్కిన కండెలా పోతుంది. టవర్ రెండు కిలోమీటర్ల దూరంలో ఉండి 1800 మెగాహెర్ట్జ్ అయితే, సగం దూరంలో ఆ కండె వ్యాసార్థం సుమారు 9 మీటర్లు. అందులో కనీసం అరవై శాతం ఖాళీగా ఉండాలి. నడిమధ్యలో ఒక్క మామిడితోట వచ్చినా నష్టం తప్పదు. నాలుగడుగులు పక్కకి జరిపితే ఆ అడ్డు తప్పుతుందేమో చూడండి.

ఏం కొనాలి, ఏం కొనకూడదు

ముందు కొనకూడనిది. 'మొబైల్ సిగ్నల్ బూస్టర్' అని ఆన్‌లైన్లో అమ్మే రిపీటర్లు మన దేశంలో లైసెన్సు లేకుండా పెట్టుకోవడం చట్టవిరుద్ధం. అవి చుట్టుపక్కల టవర్లను గోలతో నింపి ఊరందరి నెట్‌నీ పాడు చేస్తాయి. మనం చెప్పుకుంటున్నది సిగ్నల్‌ని తిరిగి ప్రసారం చేయని, రూటర్‌కి తిన్నగా తగిలించే మామూలు యాంటెన్నా.

తర్వాత మీ రూటర్ వెనక చూడండి. బయటికి ఊడదీసే కొమ్ములున్నాయి కదా అని సంతోషించకండి. చాలా చవక రూటర్లలో ఆ కొమ్ములు వైఫైవి, 4జీ యాంటెన్నా లోపలే ఉంటుంది. పోర్టు పక్కన 'ఎల్‌టీఈ' అనో '4జీ' అనో రాసి ఉండాలి. 4జీ పోర్టు మామూలుగా ఎస్ఎంఏ, వైఫై పోర్టు ఆర్‌పీ-ఎస్ఎంఏ, రెండూ మర తిప్పి బిగించే కనెక్టర్ రకాలే. మర రెండింటికీ ఒకటే, కాబట్టి చక్కగా బిగుస్తాయి. కానీ ఆర్‌పీ కనెక్టర్‌ని ఎస్ఎంఏ పోర్టుకి బిగిస్తే రెండువైపులా రంధ్రాలే, నడుమ సూది ఉండదు, తగులుబాటే ఉండదు. నా మొదటి యాంటెన్నా కథ ఇదే. వారం రోజులు దాన్ని పడమర నుంచి తూర్పుకి తిప్పాను, అంకెల్లో చలనం లేదు. యాంటెన్నా కనెక్టర్ మధ్యలో సన్నని సూది కనిపించాలి, అంతే గుర్తు. జేబులో పట్టే చిన్న హాట్‌స్పాట్లకైతే టీఎస్-9 అనే బుల్లి సాకెట్ ఉంటుంది, అది ఇట్టే ఊడిపోతుంది.

4జీ రూటర్ ఒకేసారి రెండు యాంటెన్నాలతో మాట్లాడుతుంది. అందుకే పోర్టులు రెండు. ఒక్కదానికే యాంటెన్నా పెట్టి రెండోది వదిలేస్తే వేగం సగానికి పడిపోవచ్చు. టవర్ ఓ మూడు కిలోమీటర్ల లోపుంటే రెండు యాంటెన్నాలు ఒకే డబ్బాలో ఉన్న మిమో ప్యానెల్ చాలు, బిగించడం తేలిక. దూరం ఎక్కువైతే చేపముల్లులా ఉండే లాగ్ పీరియాడిక్ జత తీసుకోండి. ఒకదాన్ని కుడికి 45 డిగ్రీలు, రెండోదాన్ని ఎడమకి 45 డిగ్రీలు వాల్చాలి. రెండూ నిటారుగా పెడితే రెండు చెవులూ ఒకే మాట వింటాయి, రెండో చెవి దండగ. 698 నుంచి 2700 మెగాహెర్ట్జ్ దాకా పనిచేసేది ఎంచుకోండి. ఒక్క 1800కే చేసిన యాగీ (ఒకే దిక్కుకి గురిపెట్టే కడ్డీల యాంటెన్నా) కొంటే మిగతా బ్యాండ్లు వదులుకున్నట్టే. 5జీ రూటరైతే 3300 నుంచి 3670 దాకా కూడా పట్టేది కావాలి. పాత యాంటెన్నాలు 2700 దగ్గరే ఆగిపోతాయి.

ఇక కేబుల్. డబ్బంతా యాంటెన్నా మీద పెట్టి కేబుల్ దగ్గర పిసినారితనం చూపించడం అందరూ చేసే తప్పు. సన్నని ఆర్‌జీ-58 కేబుల్ 1800 దగ్గర మీటరుకి దాదాపు 0.8 డీబీ (డెసిబెల్, సిగ్నల్ ఎంత పెరిగిందో తగ్గిందో చెప్పే కొలత) మింగుతుంది. పదిహేను మీటర్లకి పన్నెండు డీబీ. యాంటెన్నా ఇచ్చేది పదకొండు డీబీ అనుకోండి, చివరికి ఒక డీబీ నష్టానికి ఇంత శ్రమ పడ్డట్టు. లావుపాటి ఎల్ఎంఆర్-400 అయితే అదే పదిహేను మీటర్లకి మూడు డీబీతో సరిపెడుతుంది. మూడు డీబీ అంటే సగం శక్తి అని గుర్తుంచుకోండి, అది కూడా తక్కువేం కాదు. కాబట్టి కేబుల్ ఐదారు మీటర్లు దాటకుండా రూటర్‌నే మెట్ల గదిలోకి తీసుకెళ్లండి. అక్కడి నుంచి ఇంట్లోకి క్యాట్-6 లాన్ వైరు లాగితే వంద మీటర్ల దాకా సిగ్నల్ నష్టం ఉండదు.

ఇంకా మేలైన దారి, యాంటెన్నా, రూటర్ ఒకే డబ్బాలో ఉండి లాన్ వైరు మీదనే కరెంటు తీసుకునే అవుట్‌డోర్ రూటర్. ఖర్చు కొంచెం ఎక్కువ, కానీ కోయాక్స్ కేబుల్ (యాంటెన్నా నుంచి రూటర్‌కి వచ్చే వైరు) గొడవే ఉండదు. ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లకి నేను ఇదే చెబుతాను.

బిగించడం, తిప్పడం

పైకి ఎక్కేముందు తల ఎత్తి కరెంటు తీగలు చూడండి. పైపు ఎటు పడినా తీగకి తగలనంత దూరం ఉండాలి. 11 కేవీ లైను పక్కనే ఉంటే ఆ మూల మర్చిపోండి. మబ్బు పట్టిన రోజు ఈ పని పెట్టుకోవద్దు, ఒంటరిగా అసలే వద్దు.

అంగుళంన్నర జీఐ పైపు, రెండు యూ-క్లాంపులు, గోడకి యాంకర్ బోల్టులు. పైపు పది అడుగులు దాటితే మూడువైపులా తీగలతో లాగి కట్టాలి. గాలికి పైపు ఊగితే మనం ఇంత కష్టపడి సరిచేసిన దిక్కు కూడా ఊగుతుంది. కోతులు తిరిగే ఊరైతే, యాంటెన్నా పిట్టగోడ మీద నుంచి చేతికి అందకుండా చూసుకోండి. దానికి వేలాడి ఉయ్యాల ఊగడం వాటికి సరదా.

కనెక్టర్లు చేత్తో బిగించాక అడ్మిన్ పేజీలో ఒక సంగతి చూడండి. కొన్ని రూటర్లలో 'ఇంటర్నల్, ఎక్స్‌టర్నల్, ఆటో' అని యాంటెన్నా ఎంపిక ఉంటుంది. ఆటోలో వదిలితే లోపలిదాన్నే పట్టుకుని కూర్చోవచ్చు, ఎక్స్‌టర్నల్ పెట్టండి.

తిప్పేటప్పుడు తొందర పనికిరాదు. మ్యాప్‌లో టవర్ ఉన్న దిక్కుకి గురిపెట్టి, అక్కడి నుంచి రెండువైపులా పది పదిహేను డిగ్రీల చొప్పున జరపండి. జరిపిన ప్రతిసారీ నిమిషం ఆగండి. రూటర్ అంకెలు స్థిరపడడానికి అంత సమయం పడుతుంది. చూడాల్సింది ఎస్ఐఎన్ఆర్, ఆర్ఎస్ఆర్‌పీ తర్వాతి మాట. పీసీఐ మారిందా అన్నది కూడా పక్కన రాయండి. ఒక్కోసారి టవర్‌కి తిన్నగా కాకుండా పది డిగ్రీలు పక్కకి పెడితే ఆర్ఎస్ఆర్‌పీ రెండు తగ్గినా ఎస్ఐఎన్ఆర్ నాలుగు పెరుగుతుంది. గోల చేసే రెండో టవర్ యాంటెన్నా పక్కచూపులోకి వెళ్లిపోవడమే కారణం. అలాంటి చోటు దొరికితే వదలకండి. మా మేనల్లుడు కింద నుంచి అంకెలు చదువుతుంటే నేను పైపు మీద సుద్దముక్కతో గీతలు పెట్టుకుంటూ పోయాను. గంటన్నర పట్టింది. మైనస్ 112, ఎస్ఐఎన్ఆర్ 2 దగ్గర మొదలై, మైనస్ 98, 14 దగ్గర ఆగాం. అక్కడ పైపు బిగిస్తుంటే చెయ్యి జారి తిరిగింది, "పడిపోయింది" అన్న కేక అప్పటిదే.

అంకెలు కుదిరాక కూడా పీసీఐ ఊగుతుంటే రూటర్‌లో బ్యాండ్ లాక్ (ఒకే బ్యాండ్‌కి కట్టేయడం), ఉంటే సెల్ లాక్ (ఒకే టవర్‌కి కట్టేయడం) పెట్టండి. బ్యాండ్ లాక్ ఫర్వాలేదు కానీ సెల్ లాక్‌తో ఒక చిక్కుంది. ఆ టవర్ కరెంటు పోయి బ్యాటరీ అయిపోతే రూటర్ ఇంకో టవర్‌కి పోదు, మూగగా కూర్చుంటుంది. తుపాను వార్త రాగానే లాక్ తీసేయండి.

నీరు, పిడుగు, ఉప్పుగాలి

బయట ఉన్న ప్రతి కనెక్టర్‌కీ సాగదీస్తే తనలో తాను అతుక్కుపోయే రబ్బరు టేపు చుట్టి, పైన మామూలు పీవీసీ టేపు చుట్టండి. కింద నుంచి పైకి చుట్టుకుంటూ రావాలి, ఇంటి పెంకుల్లా పై పొర కింది పొరని కప్పాలి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వాడకండి, ఆ ఆమ్లం రాగిని తినేస్తుంది. కేబుల్ గోడలోకి దూరే ముందు కిందికి ఒక వంపు వేయండి, నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. సముద్రానికి దగ్గరి ఊళ్లలో ఏడాదికోసారి టేపు విప్పి చూడండి, ఆకుపచ్చ పొడి కనిపిస్తే కనెక్టర్ మార్చాల్సిందే.

పైపుకి ఎర్తింగ్ తప్పనిసరి. లావు రాగి తీగతో ఇంటి ఎర్తింగ్‌కే కలపాలి, విడిగా ఎక్కడో మేకు దిగ్గొట్టి వదిలేయకూడదు. కేబుల్ లోపలికి వచ్చేచోట సర్జ్ అరెస్టర్ (ఒక్కసారిగా ఎగసే వోల్టేజీని ఎర్త్‌కి మళ్లించేది) పెట్టి దాన్నీ ఎర్త్‌కి కలపండి. ఇది తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. ఇన్ని చేసినా నేరుగా పడే పిడుగుని ఇవి ఆపలేవు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుములు మొదలవకముందే కేబుల్ రూటర్ నుంచి, అడాప్టర్ గోడ నుంచి పీకేయడమే మా ఇంటి అలవాటు. ఉరిమాక మాత్రం వాటి జోలికి పోము.

బిగించిన కొన్ని నెలలకి మళ్లీ మొదలైతే

నోట్‌బుక్‌లో మొదటి రోజు అంకెలు ఉంటాయి కదా, వాటితో పోల్చండి. ఆర్ఎస్ఆర్‌పీ ఒక్కసారిగా పది దాకా పడిపోతే కనెక్టరో కేబులో దెబ్బతిన్నట్టు. నెమ్మదిగా నెలల తరబడి తగ్గితే ఎదురుగా చెట్టు పెరిగినట్టు. ఆర్ఎస్ఆర్‌పీ అలాగే ఉండి ఎస్ఐఎన్ఆర్ మాత్రం పడిపోతే ఎక్కడో కొత్త టవర్ వచ్చింది. విసుక్కోకుండా మళ్లీ ఫోన్ పట్టుకుని నడవండి, ఆ కొత్తదే మీకు దగ్గరి చుట్టం కావచ్చు.

ఏ మూలా ఎస్ఐఎన్ఆర్ 5 దాటకపోతే యాంటెన్నా మీద ఇంకా డబ్బు పోయకండి. ఊళ్లో ఫైబర్ ఉన్న చుట్టాలింటి డాబా మీ డాబాకి కనిపిస్తుందా చూడండి. కనిపిస్తే 5 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ బ్రిడ్జి (తీగ లేకుండా రెండు చోట్ల నెట్‌ని కలిపే పెట్టెలు) జత ఒకటి కొని అటొకటి ఇటొకటి పెట్టుకోవచ్చు. 2018 నుంచి ఆ బ్యాండ్‌కి మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు, కనెక్షన్ పంచుకోవడానికి ఫైబర్ కంపెనీ ఒప్పుకుంటుందా అన్నది మాత్రం అడిగి తెలుసుకోండి. అర కిలోమీటరుకి ఆ తరంగపు కండె మధ్యలో రెండున్నర మీటర్ల వ్యాసార్థమే, కానీ దానికి ఆకు అసలు గిట్టదు. మా పక్క చెరువు గట్టు మీది కెమెరాలు ఇలాగే నడుస్తున్నాయి. గట్టు మీద ఒక కొబ్బరిచెట్టు మట్టలు మాత్రం నాలుగు నెలలకోసారి, దింపుకి వచ్చే అతనితోనే కొట్టిస్తున్నారు.